మంగళవారం టికెట్, అమ్మ కట్టిన మూట

మా చిన్నప్పుడు... మంగళవారం ప్రయాణం పడిందంటే, సోమవారమే మా ఇంట్లోంచి ఒక మూట బయల్దేరేది. అమ్మ మంచి గడియ చూసి, పసుపు గుడ్డలో గుప్పెడు బియ్యం, ఒక వక్క, వెళ్లే మనిషి వస్తువు ఒకటి కట్టి నా చేతికిచ్చేది. నేను పరుగున పోయి ఎదురింటి సుజాతత్త వాళ్లింట్లో పెట్టి వచ్చేదాన్ని. దాన్నే ప్రస్థానం పెట్టడం అంటారు. మనిషి మర్నాడు వెళ్లినా, ప్రయాణం మంచి రోజునే మొదలైనట్టు లెక్క. వెళ్తూ వెళ్తూ ఆ మూట తీసుకుని పోవాలి. ములకలపల్లిలో మా వీధంతా అంతే...

ఆ మూట మోయడం అప్పట్లో నాకెంత గొప్పో! తర్వాత అదే మూటంటే ఒళ్లు మండేది. ఇప్పుడు నా మీద నాకే మండుతోంది.

నాకు గువాహటిలో ఇంజనీరింగ్ సీటు వచ్చింది. రైల్లో వస్తే సెలవులన్నీ పట్టాల మీదే అయిపోతాయి. విమానమెక్కితేనే ఇల్లు చూడగలను. మాదేమో మిరప పంట మీద బతికే ఇల్లు... అందుకే చవక టికెట్లు పట్టడంలో ఆరితేరిపోయాను. రెండు నెలల ముందే కొనేదాన్ని. సీటు ఎంచుకోవడానికి డబ్బెందుకని వాళ్లు పడేసిన నడిమి సీట్లో ఇరుక్కునేదాన్ని. సంచి బరువు పెరక్కుండా రెండు స్వెట్టర్లు ఒంటి మీదే వేసుకుని, హైదరాబాద్ ఎండలో చెమటలు కక్కేదాన్ని. విమానాశ్రయంలో ఇడ్లీ ధరకు ఒక దండం పెట్టి, అమ్మ కట్టిచ్చిన పులిహోర ఓ మూల కూర్చుని తినేదాన్ని.

అన్నిటికీ మించింది స్టూడెంట్ టికెట్. కాలేజీ పిల్లలకు తగ్గింపు అని యాప్‌లో ఇంతింత అక్షరాలు... షరతులు మాత్రం చీమ తలకాయంత!

మూడో ఏడు, దసరా సెలవులయ్యాక తిరుగు ప్రయాణం మంగళవారం సాయంత్రానికి కొన్నాను. ఆ రోజే చవక మరి. బుధవారం పొద్దున ల్యాబ్ పరీక్ష. అది తప్పితే ఏడాది ఆగాలి.

"మంగళారం ఆడపిల్ల ఇల్లు కదులుతదా? సోమారమే పోరాదు బిడ్డా," అంది అమ్మ.

"హైదరాబాద్‌ల రాత్రికి గది కిరాయి ఎవరిస్తరు?"

"సరే తీ... ప్రస్థానం పెడత."

నేను ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు.

మంగళవారం తెల్లవారుతుండగా బస్సు వచ్చేసింది. నాన్న సంచి ఎక్కించారు. ఎదురింటి గుమ్మంలోంచి సుజాతత్త పిలుస్తోంది, "మూట తీస్కపో బిడ్డా!" అని. నాకు చిరాకెత్తింది. "బియ్యం మూట కోసం బస్సు ఆపుతరా అత్తా? నాకొద్దు!" అని అరిచి ఎక్కేశాను. అమ్మ బస్సు వెంట నాలుగడుగులు పరుగెత్తింది. ఏదో చెబుతోంది. కిటికీ మూసేశాను.

అడవి దారిలో సిగ్నల్ లేదు. కొత్తగూడెం చేరగానే ఫోను మోగింది... అమ్మ. కట్ చేశాను. మళ్లీ మోగింది. ఫోను సైలెంట్‌లో పెట్టి, హైదరాబాద్ బస్సెక్కి నిద్రపోయాను. ఎంత పొగరు!

విమానాశ్రయంలో కౌంటర్ దగ్గరి మనిషి అడిగాడు, "కాలేజీ ఐడీ కార్డు?"

పర్సంతా వెతికాను. సంచి నేల మీద గుమ్మరించాను. ఆధార్ ఉంది, కార్డు లేదు. నా ఫోన్లో ఫీజు రసీదు చూపించాను, హాల్ టికెట్ చూపించాను... అతను కంప్యూటర్లోంచి కళ్లెత్తలేదు. "కార్డు లేకపోతే ఈ టికెట్ చెల్లదు మేడమ్. కొత్త టికెట్ కొనుక్కోండి."

వెనక వరుసలో జనం గొణుగుతున్నారు. పరీక్ష రాయడానికి పోయే పిల్ల కాలేజీ పిల్ల కాక మరెవరు? ఆ మాట అన్నాను కూడా. అతను "నెక్స్ట్" అన్నాడు. ఆ "నెక్స్ట్" తలచుకుంటే నాకిప్పటికీ పళ్లు పటపటలాడతాయి.

అమ్మకు ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"కార్డు మూటల ఉంది బిడ్డా. పొద్దటి నుంచి చేస్తనే ఉన్న. ఆధార్ అయితే విమానంకాడ అడుగుతరని అది ముట్టలే. కాలేజీ కార్డు కాలేజీకి పోయినంక గదా కావాలె... నీ ఫోటో ఉంది, నువ్వే పోయినట్టు ఉంటదని పెట్టిన. మీ నాన్న బండి మీద కొత్తగూడెం దాకా తెచ్చిండు. బస్టాండ్‌ల బస్సు బస్సు ఎక్కి చూసిండట... నువ్వు ఫోనెత్తకపోతివి."

అంతా నా తప్పేనని ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసినా ఏమన్నానో చూడండి...

"నీ పిచ్చి గడియలతోటి నన్ను సంపినవ్! ఇంకెప్పుడు నా ప్రయాణంల వేలు పెట్టకు!"

"అట్లనే బిడ్డా," అంది అమ్మ.

నాన్న ఎవరెవరినో అడిగి డబ్బు పంపారు. కొత్త టికెట్ కొన్నాను. మూడేళ్లుగా నేను మిగిల్చిందంతా ఆ ఒక్క టికెట్‌కే పోయింది. పరీక్ష రాశాను, పాసయ్యాను.

ఆ విమానం కంపెనీని తిడతాను, ఇప్పటికీ తిడతాను. కానీ కౌంటర్ మనిషికి నా బతుకు తెలియదు. అమ్మకు తెలుసు. నా నోటికి దొరికింది మాత్రం అమ్మే. "క్షమించు" అని ఒక్కసారైనా అనలేదు నేను... సిగ్గుగా ఉంది.

ఇప్పుడు ఉద్యోగం. టికెట్ ఆఫీసువాళ్లే కొంటారు. ఏ వారమైనా, ఏ గడియైనా ఎక్కేస్తాను. సుజాతత్త వాళ్లింట్లో ఇప్పటికీ మూటలు పెడుతూనే ఉంటారు వీధివాళ్లు... మా ఇంటి నుంచి తప్ప.

మీలో ఎవరైనా అమ్మ చేతి మూట ఇలా వదిలేసి పోయారా? తర్వాత ఏం చెప్పి కలుపుకున్నారో కింద రాయండి. నాకు కావాలి. ఎందుకంటే మా అమ్మ ఆ రోజు ఇచ్చిన మాట తప్పలేదు... నేను ఏ రోజు బయల్దేరుతున్నానో కూడా అడగడం మానేసింది.