రెండు చెవులూ ఒక్క లైన్ల

మా తమ్ముడి బండికి చెయిన్ ఉండదు. ఇంజన్ తిరుగుడును ఒక ఇనుప షాఫ్టు వెనక చక్రానికి అందిస్తుంది. ఆ షాఫ్టుకు రెండు కొసల్లోనూ మోచేతుల్లా వంగే జాయింట్లుంటాయి. ఎక్కడో ముచ్చటపడి కొన్న ఆ పాత విదేశీ బండిని వాడు కాప్రాలో తన ఇంటి ముందు విప్పాడు. మళ్ళీ బిగించకముందే గుండెపోటుతో పోయాడు. ఏడాది దాటింది.

ఇప్పుడు మా మరదలు ఆ ఇల్లు ఖాళీ చేస్తూ, ఆఫీసుకు దగ్గరగా బేగంపేటలో ఫ్లాటు తీసుకుంది. "నడిస్తే మీరు తీస్కపోండి వదినా. లేకుంటే పాత సామాను కింద కబాడీకి ఇచ్చేస్త" అంది. ఏ.ఎస్. రావు నగర్‌లో మా అపార్ట్‌మెంటువాళ్ళు నడవని బండిని గేటు దాటనివ్వరు. నా ఊరగాయ జాడీలు మెట్ల మీద ఎండబెడితేనే మీటింగు పెట్టిన మహానుభావులు వాళ్ళు.

మావారు అక్కడే, కాప్రా ఇంటి ముందే బిగిస్తానన్నారు. ఆయన ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్షన్ చేసి రిటైరైన మనిషి. ఆయనకు కోపం రాదు, ఏడుపు రాదు. రెండూ నా వాటాకే వచ్చాయి. తమ్ముడు పోయిన రోజు నేను నేల మీద పడి ఏడుస్తుంటే, ఆయన టెంటువాడితో కుర్చీల సంగతి మాట్లాడారు. ఆ తర్వాత నేనెప్పుడు ఏడ్చినా మంచినీళ్ళ గ్లాసు తెచ్చి పక్కన పెట్టేవారు. ఆ గ్లాసును చూస్తే నాకు ఒళ్ళు మండేది. వాడు ఈయనకు ఏమీ కాడా?

షాఫ్టు మధ్యలో రెండు ముక్కలు ఒకదాంట్లో ఒకటి దూరతాయి. లోపల చుట్టూ పళ్ళే కాబట్టి ఎటు తిప్పి దూర్చినా కాదనదు, తిప్పలన్నీ అక్కడే. ఒక్కో ముక్క చివర జాయింటును పట్టుకునే రెండేసి చెవులుంటాయి. మావారు ముందు చెవులను నిలువుగా, వెనక చెవులను అడ్డంగా పెట్టారు.

"ఒకటి గుంజితే ఒకటి ఆపుతది. బ్యాలెన్సు" అన్నారు.

బండి షురూ అయింది. వీధి చివరిదాకా వెనక కూర్చుని వెళ్ళాను. స్పీడు పెంచగానే కాళ్ళ కింద ఊచలు అదిరి, నా పళ్ళు టకటకలాడాయి. తిరిగొచ్చాక ఆయన చేతులు తుడుచుకుంటూ, "ఇగ కబాడీకే" అన్నారు, కరెంటు పోయిందని చెప్పినంత మామూలుగా.

"మీకేం! మీకెన్నడన్న బాధో తక్లీఫో అయితే గద!" అని అరిచాను. మరదలు కిటికీ లోంచి చూసి తప్పుకుంది.

ఆయన షాఫ్టును మళ్ళీ ఊడదీసి పేపరు మీద పెట్టారు. ఆ చెవులను చూస్తుంటే తమ్ముడి మాట చెవిలో పడ్డట్టయింది. ఇదివరకు వాడు బిగించేటప్పుడు టార్చి పట్టుకునేది నేనే. వాడు షాఫ్టును బడిలో సారు పిల్లల్ని బెదిరించినట్టు బెదిరించేవాడు: "ఇద్దరు సుత ఒక్క తీరుగ చెవులు పట్టుకొని నిలవడాలె!" చిన్నప్పుడు మేమిద్దరం అలా నిలబడ్డవాళ్ళమే. అల్లరి నాది. సారు నన్ను నిలబెడితే, ఏ తప్పూ చేయని వాడు కూడా వచ్చి నా పక్కన చెవులు పట్టుకుని నిలబడేవాడు. వాడు పక్కనుంటే నాకు ఏడుపు వచ్చేది కాదు.

"అడ్డంగ కాదండి. రెండు చెవులు ఒక్క లైన్ల ఉండాలె" అన్నాను.

ఆయన జాయింటును వంచి, చేత్తో మెల్లగా తిప్పి చూశారు. వంగి తిరిగే జాయింటు సమంగా తిరగదట. జెర తేజ్, జెర స్లో. రెండోది కూడా అదే తీరుగా నిలబడితేనే, ముందుది ఇచ్చిన ఊపును వెనకది తీసేస్తుందట.

"నేనే ఉల్టా అనుకున్న" అన్నారు. బోల్టులు బిగిస్తూ ఇంకోసారి అన్నారు.

మరదలికి చెప్పి బయల్దేరాం. ఈసారి ఊచలు అదరలేదు. స్పీడు పెరిగినా బండి వెన్నలా పోతోంది. కాప్రా చెరువు దగ్గరికొచ్చేసరికి మాత్రం, ఆయన భుజం మీదున్న నా చేతికి అదురు తెలిసింది.

"బండి ఇంకా వణుకుతుందండీ" అన్నాను.

ఆయన పక్కకు తీసి, ఇంజన్ ఆపేశారు. బండి చల్లబడి ఊరుకుంది. నా చేతి కింద ఆయన భుజం మాత్రం వణుకుతూనే ఉంది.