ఎదురుకాళ్లతో పుట్టినదాని మోకాలు

నేను తల్లి కడుపులోంచి ఎదురుకాళ్లతో వచ్చాను. అందులో నా ఘనతేమీ లేదు. అయినా రాయగడలో మా తెలుగువాళ్ల లైనిళ్లలో ఎవరికైనా నడుం పట్టేస్తే చాలు, వచ్చి నా గుమ్మంలో బోర్లా పడుకుంటారు. అలా పుట్టినవాళ్లు కుడిపాదంతో మూడుసార్లు మెల్లగా తొక్కితే పట్టు వదులుతుందట. నాకు నమ్మకం లేదు. వద్దంటే వినరు గనక తొక్కుతాను.

మున్సిపాలిటీ చెత్త ట్రాక్టరు మీంచి దిగుతుంటే నా ఎడమకాలు బురదలో దిగబడిపోయింది, ఒళ్లు మాత్రం పక్కకి తిరిగింది. మోకాల్లో టప్పుమంది. సాయంత్రానికి చిప్ప ఎక్కడుందో తెలియనంతగా వాచిపోయింది. ఆడపడుచు చూసి నవ్వింది.

"ఊరందరికీ తొక్కుతావు గదొదినా, నీది నువ్వు తొక్కుకోనేవా?"

ఒక్క తన్ను తందామనుకున్నాను. కాలు లేవలేదు.

కోరాపుట్‌లో డాక్టరు మోకాలికి స్కానింగు తీయించి ఓపిగ్గా చెప్పాడు. తొడ ఎముకనీ కాలి ఎముకనీ పట్టి ఉంచడానికి కీలు లోపల రెండు పగ్గాలుంటాయట. నాకు ముందుది తెగింది. ఎముకలు రాసుకోకుండా మధ్యనుండే మెత్త కూడా అంచున చిరిగింది. తొడ కండ గట్టిపడితే కొందరికి మోకాలు నిలుస్తుంది, వ్యాయామం చేసి, ఆ తర్వాత ఒంటికాలి మీద నిలబడి చూసుకోమన్నాడు. జారితే ఆపరేషనే, ఆపైన నెలల తరబడి ఇంట్లోనే. మాది కాంట్రాక్టు పని. అన్ని నెలలు నా చీపురు నాకోసం కూర్చోదు.

తొడ బిగించడం, వదలడం, కాలు చాచి ఎత్తడం, రోజంతా అదే. మొదట్లో భయపడ్డాను. తర్వాత ఆ భయం కూడా పోయింది. అన్నం తిన్నా, ఆడపడుచు వెక్కిరించినా ఒకేలా ఉండేది. ఎవరిదో కాలు నాకిచ్చి చూసుకోమన్నట్టుండేది. వాపు తగ్గింది, నడుస్తున్నాను, ఒంటికాలి మీద మాత్రం నిలబడి చూడలేదు. సోమవారం రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటానని సూపర్‌వైజరు కబురు పంపాడు.

ఆదివారం పొద్దున్నే పక్క వీధి మామ్మ నడుం పట్టుకుని వచ్చి, అడగనైనా అడక్కుండా గుమ్మంలో పడుకుంది.

"నా మోకాలే బాగోనేదు మామ్మా."

"తొక్కేది కుడికాలు కదేటమ్మీ. దానికేటైంది?"

దానికేమీ కాలేదు. కానీ అది లేవాలంటే నేను ఎడమకాలి మీద నిలబడాలి. ఎలాగూ చూసుకోవలసిందే, ఇప్పుడే చూసుకుందామనుకున్నాను. ద్వారబంధం పట్టుకుని తొక్కాను. మోకాలు నిలిచింది. రెండోసారీ నిలిచింది. రేపు పనికి పోతాననుకున్నాను. చాలా రోజులకి సంతోషమేసింది. మూడోసారి పాదం ఎత్తగానే ఎడమ మోకాలు పక్కకి జారింది. నా బరువంతా మామ్మ నడుం మీద పడింది, నేను గోడవారన కూలబడ్డాను.

మామ్మ కెవ్వుమంది. కాసేపటికి లేచి, నడుం అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"పోనాదమ్మీ నొప్పి! ఇన్నేళ్లలో ఇంత బాగా ఎప్పుడూ తొక్కనేదు నువ్వు."

నిటారుగా నడుచుకుంటూ వెళ్లిపోయింది. నాకు ఏడుపు కూడా రాలేదు. అక్కడే కూర్చుని సూపర్‌వైజరుకి ఫోన్ చేసి, వేరే మనిషిని చూసుకోమన్నాను.