అందరికీ ఒకే సూది, నింద నాకొక్కదానికి

ఆ రోజు పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే ఆ వాసనకే కడుపులో తిప్పింది. జాకెట్టు కుడుతూ కుడుతూ మిషన్ మీదే తల వాల్చేశాను. తొంభైల మొదట్లో మాట ఇది. తిరుమలగిరిలో మా ఆయన సైకిల్ షాపు, నా కుట్టుమిషన్, రెండేళ్ళ పాప, అత్తమ్మ. అదీ మా సంసారం.

బట్ట ఇవ్వడానికొచ్చిన పక్కింటామె నన్ను చూసి, "గివేం కండ్లు పిల్లా, పసుపు పూసినట్టున్నయ్!" అంది. అత్తమ్మ కామెర్లని తేల్చి మణికట్టు మీద వాత పెట్టించింది, పసరు తాగించింది. వాత పుండైంది, కామెర్లు పెరిగాయి. మంచినీళ్ళు కూడా ఇమడకపోయేసరికి నల్లగొండలో ఒక దవాఖానకు తీసుకెళ్ళారు.

రక్తపరీక్ష చూసి డాక్టరు "హెపటైటిస్-బి పాజిటివ్" అన్నాడు. వెంటనే వార్డంతా వింటుండగా, "మీ ఆయన ఎక్కడెక్కడ తిరుగుతాడమ్మా? లేకపోతే నువ్వేనా?" అని అడిగాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మా ఆయన తల దించుకున్నాడు. అత్తమ్మ పాపను నా పక్కనుంచి లాక్కుని, "గీ రోగం తక్కువయ్యేదాంక బిడ్డను ముట్టకు" అంది. ఇంటికొచ్చాక పాప గడప అవతల నిలబడి ఏడుస్తుంటే, నేను గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.

ఎంతకీ తగ్గకపోతే హైదరాబాద్ వెళ్ళాం. అక్కడి లేడీ డాక్టరు, "జ్వరమొస్తే ఇంజెక్షన్ వేయించుకుంటారా?" అని అడిగింది. వేయించుకోకపోవడమేమిటి! మా ఊళ్ళో సూది వేయనివాడు డాక్టరే కాడు. మా ఆర్ఎంపీది హస్తవాసి మంచిదని అందరం ఆయన దగ్గరికే పోయేవాళ్ళం. పొద్దున ఒకసారి ఉడకబెట్టిన గాజు సిరంజి, ఒకే సూది. ఒకరికి పొడిచి, దూదితో తుడిచి, ఇంకొకరికి పొడిచేవాడు.

"ఇది అరుదైన రోగం కాదమ్మా. మామూలు జనంలో ఎంతోమందికి ఉంటుంది, వాళ్ళకే తెలియదు. కలిసి తింటే, ఎత్తుకుంటే అంటదు. రక్తంతో, ఇలాంటి సూదులతో అంటుతుంది, కలయికతో కూడా. ఇంట్లో అందరికీ టెస్ట్ చేయించండి" అందామె.

చేయించాం. మా ఆయనకు లేదు. పాపకూ లేదు, టీకాలు వేయించాం. మోకాళ్ళ నొప్పులకు ఏళ్ళ తరబడి సూదులు పొడిపించుకున్న అత్తమ్మకు ఉంది. ఆమె కళ్ళు తెల్లగానే ఉన్నాయి, ఒక్క పూట మంచమెక్కింది లేదు. ఎక్కడ తిరిగావని ఆమెనెవరూ అడగలేదు.

పాప వచ్చి అత్తమ్మ కొంగు పట్టుకుంటే ఆమె చేతులు వెనక్కి లాక్కుంది. "నేనెత్తుకుంటె ఏంగాదా బిడ్డా?" అని నన్నే అడిగింది. నాకు కోపం ముంచుకొచ్చింది. అయినా పాపను తీసుకెళ్ళి ఆమె ఒళ్ళో కూర్చోబెట్టాను.

కొన్ని నెలలకు నాకు నెగటివ్ వచ్చింది. అత్తమ్మకు ఏటా లివర్ పరీక్ష చేయిస్తున్నాం, బాగానే ఉంది. ఇప్పుడు నేను కొత్త సూది నా కళ్ళముందు విప్పితేనే చేయి చాపుతాను. మీకు చెప్పేది ఒక్కటే. ఎవరికైనా పాజిటివ్ అని తెలిస్తే, ఎక్కడ తిరిగావని అడిగే ముందు మీ రక్తం పరీక్ష చేయించుకోండి.