బాదం చెట్టును తిట్టే మనిషి

ఎవారిస్తో తాతకు ఒకటే జబ్బు. కంటికి కనిపించినదాన్నల్లా తిట్టాలి. మనుషుల్ని తిట్టేవాళ్లు ఊరి నిండా ఉన్నారు. గోడల్నీ, గొడుగుల్నీ, కొంగల్నీ, ఆఖరికి సముద్రాన్నీ తిట్టే మనిషిని మాత్రం మా కార్తహేనా ఊరు మొత్తంలో ఈయన్నొక్కణ్ణే చూశాను. అదీ నేను నడిపే బస్సులోనే. నా ఖర్మ.

ప్రతి ఆదివారం పొద్దున్నే భార్య ఎనెయిదా మామ్మ మోచేయి పట్టుకుని బసుర్తో బజారు దగ్గర ఎక్కేవాడు. సముద్రం దాకా పోయి, కొబ్బరినీళ్లు తాగి, మళ్లీ నా బస్సులోనే తిరిగొచ్చేవారు. ఎక్కుతూనే మొదలు.

"వెధవ మెట్టు! మోకాలెత్తున పెట్టాడు. వీడికి అమ్మా అత్తా లేరూ?"

"పోయిన వారం కూడా ఇదే మెట్టు కదా తాతా!"

"అయితే పోయిన వారం నుంచీ బుద్ధి రాలేదన్నమాట!"

మామ్మ కిటికీ పక్కన కూర్చునేది. నల్లకళ్లద్దాలు పెట్టుకునేది. మా ఎండకు సగం ఊరు పెట్టుకునేవే అవి. ఆవిడ సర్దుకోగానే తాత ఊరి మీద పడేవాడు.

"ఆ చేపల కొట్టువాడి గొడుగు చూడు! పచ్చదాన్ని తీసేసి గులాబీరంగుది పెట్టాడు. చేపలు సిగ్గుతో చస్తాయి. ఆ మూలింటికి నీలం వేశారు, దెబ్బ తగిలి కమిలినట్టుంది. ఈ సముద్రానికి సిగ్గు లేదు, మళ్లీ వీధిలోకొచ్చి కూర్చుంది! ఆ లావుపాటాయన చూడు, చెప్పులు చేత్తో పట్టుకుని కొంగలా నడుస్తున్నాడు!"

మామ్మ పకపకా నవ్వేది. నాకు ఒళ్లు మండిపోయేది. నేను పాట పెడితే ఆయన గొంతు పెంచేవాడు. నేను పాట పెంచితే ఆయన ఇంకా పెంచేవాడు. నోరా వీపుకు చేటు తేకే అని ఆ నోటికి ఎవరూ చెప్పలేదు కాబోలు.

అన్నిటికన్నా మంట పుట్టించింది బాదం చెట్టు. వంతెన దిగాక మాంగా మలుపు దగ్గర, "దిక్కుమాలిన చెట్టు! ఇంకా రోడ్డు మీదికే ఒరిగి చస్తోంది. ఎన్ని ఆకులు రాల్చిందో చూడు!" అని అరిచేవాడు. అక్కడ చెట్టు లేదు. ఎప్పుడో నరికేశారు. ఆ జాగాలో ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. ఒకసారి అడుగుదామని నోరు తెరిచాను.

"రోడ్డు చూసి నడపరా దున్నపోతా!" అని విరుచుకుపడ్డాడు.

ముసలాయనకు మతి పోయిందనుకున్నాను.

మొన్నొక ఆదివారం ఎండ మాడ్చేస్తోంది. బస్సు కిక్కిరిసింది. కొబ్బరి మిఠాయిలమ్మే బెనిల్దా తట్టతో ఎక్కింది. తాత ఆగుతాడా?

"ఆ తట్ట చూడు, ఏనుగును నెత్తిన పెట్టుకున్నట్టు! పసుపు గౌను, ఎర్ర రిబ్బను. చిలకలే నయం!"

"నా గౌను జోలికొస్తే నీ మీసం పీకి తట్టలో పెట్టి అమ్ముతా, ముసలాడా!" అంది బెనిల్దా. "దించెయ్ విల్‌ఫ్రిదో, ఈయన్ని!"

"దించెయ్! దించెయ్!" బస్సంతా అందుకుంది.

బ్రేకు తొక్కాను. "తాతా, ఇంకొక్క మాట వినపడితే ఇద్దర్నీ దించేస్తా. జన్మలో మళ్లీ నా బస్సెక్కనివ్వను!"

ఆయన నోరు తెరిచాడు. భార్య వైపు చూశాడు. మండుతున్న రోడ్డు వైపు చూశాడు. నోరు మూసుకున్నాడు.

నిజం చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది. పాట పెట్టుకుని వంతెనెక్కించాను.

"ఏమయ్యా, ఎక్కడున్నాం?" అంది మామ్మ.

తాత నా వైపు చూశాడు.

"పలకవేం? నువ్వు తిట్టకపోతే నాకు ఊరెలా కనపడుతుంది?"

ఆవిడ చెయ్యి గాల్లో తడుముతూ వెళ్లి ఆయన ముఖం మీద ఆగింది. వేళ్లకు మూసిన పెదాలు తగిలాయి. "దించేస్తానన్నాడని నోరు మూసుకున్నావా! జ్వరమొచ్చిందా ఏం?"

బెనిల్దా నన్ను చూసింది. నేను బెనిల్దాను చూశాను. మెట్టు, గొడుగు, నీలం ఇల్లు, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. మళ్లీ ఒళ్లు మండింది, ఈసారి నా మీదే.

"చెట్టు దాటిపోయిందా?" మామ్మ గొంతు తగ్గింది. "దాని కిందే నేను గుడ్డు కూరిన మొక్కజొన్న రొట్టెలు, అరెపాలు వేయించి అమ్మేదాన్ని. ఉప్పెక్కువైందని ఈ మనిషి నన్ను మొదటిసారి తిట్టింది అక్కడే."

మలుపు వచ్చింది. తాత ఆ సెల్‌ఫోన్ల కొట్టును చూసి తల దించుకున్నాడు. నేను పాట కట్టేసి హారను గట్టిగా నొక్కాను.

"ఛీ, దిక్కుమాలిన బాదం చెట్టు! కొమ్మలన్నీ నా బస్సు మీదికే! రంగంతా గీసుకుపోయింది!"

"అబ్బబ్బ, ఆకొచ్చి నా తట్టలో పడి చచ్చింది!" అని బెనిల్దా అందుకుంది.

మామ్మ ముఖం విచ్చుకుంది. "ఇంకా ఒరిగే ఉందన్నమాట!"

తాత దిగ్గున లేచాడు. మీసం నిక్కబొడుచుకుంది.

"ఒరేయ్ విల్‌ఫ్రిదో! మా చెట్టును తిట్టడానికి నువ్వెవడివిరా? నడపడం చేతకాక చెట్టు మీద పడి ఏడుస్తావా?"

మామ్మ బెనిల్దా వైపు వంగింది. "జ్వరం తగ్గిందమ్మా," అంది.