బాపు చెప్తే ఇనని కితాబు

ఇప్పుడు ఏం చదువుతున్నవమ్మా అని ఎవరన్న అడిగితే నాకు ఒళ్లు మండుతది. అడిగినోళ్లది తప్పేం లేదు, మంచిగ పలకరిద్దామనే అడుగుతరు. కాని ఆ మాట అడిగే హక్కు నా లెక్కల ఒక్కరికే ఉండె. ఆయన పోయిండు. మిగిలినోళ్లకు "ఏదో ఒకటి తియ్యి" అని మొఖం తిప్పుకుంట. నా నోరు మంచిది కాదని ఊరంత ఎరుకే. ఆ నోటితోని నేనేం పోగొట్టుకున్ననో మాత్రం ఎవరికి ఎరుక లేదు.

మాది దేవరకొండ. ఇంట్ల ఇద్దరమే, బాపు, నేను. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నా పెనిమిటి నందికొండ కాడ సాగర్ డ్యాం కట్టే పనిల ఉండె. ఆడ రేకుల షెడ్డుల పదిమందితోని ఉండుకుంట నెలకోసారి వచ్చేటోడు. నేను ఆడపిల్లల బడిల తెలుగు పంతులమ్మను. బాపు మున్షీ. తహసీల్ కచేరి ముంగట చాప పరుచుకోని జనానికి ఉర్దూల అర్జీలు రాసిచ్చేటోడు. నిజాం కాలం చదువు ఆయనది. పుట్టిన సంది తెలుగే మాట్లాడిండు గాని తెలుగక్షరం చదవరాదు. నాకేమో ఉర్దూ అక్షరం రాదు. ఆంధ్రతోని కలిసినంక కచేరి కాయితాలు మెల్లమెల్లగ మారుకుంట వచ్చినయ్. ఉర్దూ అర్జీ ఎవరు తీసుకుంటరు? ఒకనాడు బాపు చాప చుట్టి తెచ్చి అటుక మీద పెట్టిండు. ఇగ ఆయనకు మిగిలింది కితాబులే.

కోట కింది గల్లీల హకీం సాబ్ ఇల్లుండె. మందులిచ్చే అర్రల ఒక అల్మారీ నిండ ఉర్దూ కితాబులు. బాపు అవే తెచ్చుకునేటోడు. నేను గ్రంథాలయంకెల్లి తెలుగు నవలలు తెచ్చుకునేదాన్ని. ఒకరి పుస్తకం ఇంకొకరికి పనికిరాదు. అందుకని మాకొక అలవాటయింది. పొద్దుగూకంగ బువ్వ తిని, వాకిట్ల మంచాలేసుకోని, ఆ పొద్దు చదివింది ఒకరికొకరం చెప్పుకునేది. ఎంత చదివితే అంతే చెప్పాలె. ముందుకు పోవద్దు.

గప్పట్ల నాకు డిటెక్టివ్ నవలల పిచ్చి. నేను సగం చెప్పంగనే బాపు ఖూనీ చేసినోన్ని పట్టేటోడు. "వకీలే బిడ్డా, రాసి పెట్టుకో."

"ఇండ్ల వకీలే లేడు బాపూ."

"లేకుంటే రేపొస్తడు. ముప్పయేండ్లు కచేరి ముంగట కూసున్న, నాకు తెల్వదా?"

ఆయన చెప్పేటి కథలు వేరే తీరుగుండె. ఆఖరుకు పట్టుకున్నది ఎర్ర అట్ట కితాబు, ఇటుకంత మందం. సరాయి, అంటే బాటసారులు దిగే సత్రం, నడిపే ఒక ముసలమ్మ కథ. సరాయిల దిగినోళ్లు ఏదో ఒక సామాను మరిచిపోతరు. సరాయి మూతపడ్డంక ఆ ముసలమ్మ సామానంత మూట గట్టుకోని, ఒక్కొక్కలను వెతుక్కుంట పోతది. "ఎడారంటే ఏమనుకున్నవ్, వాన పడని ఏడు మన చెల్కలెట్లుంటయి? గట్ల" అని చెప్పేటోడు. నాకు ఆ ముసలమ్మ మా వాడకట్టుదే అనిపించేది. అవి మంచి దినాలు. అప్పుడు మంచియని తెల్వదు.

అగో, గట్లుండంగ మా బడికి కోస్తా దిక్కుకెల్లి పెద్ద టీచరమ్మ వచ్చింది. చెడ్డది కాదు. నవ్వుకుంటనే మాట్లాడేది, ఆ నవ్వే నాకు సూది లెక్క గుచ్చుకునేది. ఒకనాడు పిల్లల ముంగటనే నన్ను ఆపింది. "దవాఖాన ఏమిటండీ, ఆసుపత్రి అనండి. తెలుగు టీచరే ఇలా మాట్లాడితే పిల్లలకేం వస్తుంది చెప్పండి? మీ భాష వినడానికి తమాషాగానే ఉంటుందనుకోండి." పిల్లలు కిసకిస నవ్విన్రు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆనాటి సంది నా నోట్లకెల్లి జర, ఫికర్, కిరాయి, పరేషాన్ అన్నిటిని బియ్యంల రాళ్లేరినట్టు ఏరి పారేసిన. డిటెక్టివ్ నవలలు బంద్ పెట్టి, టీచరమ్మ మెచ్చేటి పెద్ద పెద్ద నవలలు తెచ్చిన. ఇంట్ల గూడ అదే భాష. ఒకనాడు బాపు అనుడు మాని "నాన్నగారూ" అని పిలిచిన. బాపు ఎన్కకు తిరిగి గడప దిక్కు చూసిండు, ఎవరన్న వచ్చిన్రేమో అని.

ఆ పొద్దుగాల్ల చదివిన నవల ముచ్చట అదే తీరుగ చెప్పిన. కథానాయిక మనోవేదనతో కృంగిపోయిందని, ఆమె అంతరంగం సంక్షోభంలో ఉందని. బాపు శానాసేపు ఇన్నడు. "ఆ పోరికి ఏమైంది బిడ్డా? జర మన మాటల చెప్పు, నాకు సమజ్ కాలే" అన్నడు.

"సమజ్ కాకుంటే ఇడిసిపెట్టు" అన్న. అన్నదాన్ని అక్కడ ఆగిన్నా? "నీ ఉర్దూ మాటలు నోట్ల పెట్టుకోని పెరిగినందుకే బడిల నవ్వులపాలైతున్న. నీకు తెలుగే రాదు, నీకేం చెప్పాలె నేను?"

బాపు లేచిండు. చెంబు తీసుకోని నీళ్లు తాగిండు. తెల్లారి సంది నన్ను అడుగుడు తగ్గించిండు. ఆయన కథ చెప్పుడు మాత్రం ఆపలే.

ఏడాది తిరగకముందే ఆయన కండ్లల్ల మోతిబిందు, అదే శుక్లం, వచ్చింది. ముందుగాల అక్షరాలు అలికినట్టు కనబడుతున్నయన్నడు. తర్వాత కితాబు ముక్కుకు ఆనించి చదివిండు. ఆఖరుకు అదిగూడ పోయింది. నల్లగొండ దవాఖానకు తీస్కపోయిన. డాక్టరు చూసి, ఇంకా పండలే, పండినంక కోస్తం, వచ్చే ఎండాకాలం తీస్కరాండ్రి అన్నడు. ఇంటికి మర్లొచ్చేటప్పుడు బస్సుల బాపు నవ్విండు. "సీతాఫలమైతే బియ్యంల పెడితే నాలుగొద్దులల్ల పండుతది. దీన్ని యాడ పెట్టాలె బిడ్డా?"

ఒక ఆయితారం నేను రొట్టెలకు జొన్నపిండి చాటల పోసుకున్న. బాపు తడుముకుంట వచ్చి ముంగట కూసున్నడు. పిండిని అరచేతితోని సాపు చేసి, వేలితోని ఒక నిలువు గీత గీసిండు. "ఇది అలిఫ్. కుడికెల్లి ఎడమకు పోవాలె, అంతే. నెల రోజులు కూసుంటే నీకొస్తది. ఎర్ర కితాబు సగంల ఆగింది బిడ్డా. నువ్వు చదివితే నేనింట." పడవ లెక్క గీసి కింద ఒక చుక్క పెట్టిండు, బే. మూడు చుక్కలు పెడితే పే. కండ్లు కనబడకున్నా చుక్క ఎక్కడ పడాల్నో అక్కడే పడ్డది. ఆయన మొఖం ఎలిగిపోతుండె.

నాలుగక్షరాలు నేర్సుకున్న. చెయ్యి బాగనే తిరిగింది, అబద్ధం ఎందుకు చెప్పాలె. కాని లోపట ఒకటే గుబులు. ఇది బడిల తెలిస్తే? తెలుగు టీచరు ఉర్దూ దిద్దుతుందట అని నవ్వితే? ఎంతో తిప్పలపడి ఏరి పారేసినదాన్ని మల్ల నెత్తికెత్తుకోవాల్నా? "నాతోని కాదు బాపూ, పరీక్షల కాయితాలు కుప్ప ఉన్నయ్" అని చాట నా దిక్కు గుంజుకున్న. ఆయన వేలు గాలిల ఆగింది. ఆ పిండితోనే రొట్టెలు చేసిన.

ఇగ మల్ల అడగలే. పగటి బువ్వ తిన్నంక ఎర్ర కితాబు సంకల పెట్టుకోని, గోడ పట్టుకుంట బయటికి పోయేటోడు. ఒకసారి బడికి సెలవున్ననాడు నేను "గుడ్డి కండ్లకు కితాబెందుకు బాపూ" అన్న. గట్లనే అన్న. ఇన్నేండ్లయినా ఆ మాట నన్ను ఇడుస్తలేదు. బాపు "చేతుల ఉంటే ధైర్యం బిడ్డా" అని పోయిండు.

పొద్దుగూకితే మాత్రం మంచం మీద కూసోని కథ మొదలు పెట్టేటోడు. నేను కందిలి ముంగట పిల్లల కాయితాలు దిద్దుకుంట ఊ కొట్టేది. ఊ, ఊ, అంతే. చూపు లేనోడు రోజు కథ యాడికెల్లి తెస్తుండని ఒక్కనాడన్న అడగలే. పాతయే మల్ల చెప్తుండనుకున్న. మధ్యల మధ్యల ఆగి, తడుముకోని, ఏదో పుస్తకం మాట కష్టపడి పలికేటోడు. ముసలితనంతోని నాలుక తిరుగుతలేదనుకున్న. "నిన్నటిది యాదికుందా బిడ్డా?" అంటే "ఆ, ఉన్నది" అనేది. కొట్టేది ఎర్రసిరా గీతలు, చెప్పేది అబద్ధం.

చలికాలంల ఆయనకు ఛాతి పట్టింది. మందు మింగిచ్చినా దగ్గు ఆగలే. రెండోనాడు మాపటీలి నన్ను దగ్గరికి పిలిచి, "ఇయ్యాల్ల నా తాన చెప్పేందుకు ఏం లేదు బిడ్డా. నువ్వు చెప్తవా? ఇప్పుడేం చదువుతున్నవ్?" అన్నడు. శానా దినాలకు అడిగిండు. "ముందు పండుకో బాపూ, రేపు చెప్త" అన్న. తెల్లారేసరికి ఆయనకు తెలివి లేదు. ఆ మాపటికి పోయిండు. మోతిబిందు పండనే లేదు.

దినాలు అయినంక ఒకనాడు పొద్దుగాల ఎర్ర కితాబు తీసుకోని హకీం సాబ్ ఇంటికి పోయిన. పరాయి సొమ్ము ఇంట్ల పెట్టుకోవద్దని. ముసలాయన కితాబు అందుకోని, నడుమ పెట్టిన కాయితం ముక్క కాడ తెరిచిండు.

"ఇంక నలభై పేజీలే ఉండె బేటీ" అన్నడు.

నాకర్థం కాలే. అప్పుడు చెప్పిండు. బాపు రోజు పగటిపూట వచ్చి, రెండు పేజీలు చదువుమని కూసునేటోడట. బిడ్డ బడికెల్లి వస్తది, ఆమెకు చెప్పాలె అనేటోడట.

"ముష్కిల్ మాట వస్తే ఆపుతుండె" అన్నడు హకీం సాబ్. "మత్లబ్, అదే అర్థం, అడుగుతుండె. తర్వాత తెలుగు మాట కోసం వెతుకుతుండె. ఒక్క మాటకు చాయ్ చల్లగ అయిపోతుండె. నేను నవ్వితే, నా బిడ్డ తెలుగు పంతులమ్మ సాబ్, మంచి తెలుగుల చెప్పాలె, లేకుంటే ఆమెకు నచ్చది అంటుండె."

నేను దర్వాజ పట్టుకోని నిలబడ్డ. ఆయన నా మొఖం చూడలే, కితాబే చూస్తుండు.

"పెట్టె పోగొట్టుకున్న మనిషి ముసలమ్మకు దొరుకుతడు చూడు, గది చదివినంక మీ బాపు ఏడ్చిండు. ఇయ్యాల్ల గిది చెప్త, బిడ్డ ఏమంటదో రేపు చెప్త సాబ్ అని పోయిండు. తెల్లారి సంది రాలే. ఏమన్నవ్ బేటీ?"

ఏం చెప్పాలె? ఏ పెట్టె, ఏ మనిషి? ఆ పొద్దు నేను ఎవరి కాయితం దిద్దుతున్ననో గూడ యాదికి లేదు. "మంచిగున్నదన్న" అన్న. నా జన్మల అంత సిగ్గుమాలిన అబద్ధం ఇంకోటి ఆడలే.

మిగిలింది చదువుమని అడిగిన. హకీం సాబ్ అద్దాలు పెట్టుకోని మొదలుపెట్టిండు. బాపు నోట ఇన్న కథ గదా, పోల్చుకుంట అనుకున్న. వరుసకొక మాటగూడ అందలే. అది మా మాటలల్ల కలిసిన ఉర్దూ కాదు, శానా పెద్ద భాష. అంత పెద్ద కితాబును ఆయన రోజు రెండు పేజీలు తెలుగు చేసి నా ముంగట పెట్టిండు.

"జర ఆపుండ్రి హకీం సాబ్" అన్న. "మొదటికెల్లి నాకు తెలుగుల చెప్తరా? రోజు బడి అయినంక వస్త. ఎన్నొద్దులైనా వస్త."

ముసలాయన అద్దాలు తీసి అంగితోని తుడుచుకున్నడు. "నా తెలుగు రోగం అడిగి పొట్లం కట్టిచ్చేటి వరకే బేటీ. ఇది తెలుగుల చెప్పుడు మీ బాపుకే వస్తుండె" అన్నడు.

బడికి యాళ్ల అయితుందని చెప్పి బయటికి వచ్చిన.