పటంలో దారి

ఆమె సర్వే ఆఫీసులో పటాలు గీస్తుంది. ఊరి వెనక కొండను ఇరవై ఏళ్లలో నాలుగుసార్లు గీసింది గానీ ఎక్కింది ఒక్కసారే. ఆ ఒక్కసారీ చీలమండ బెణికి, కూర్చుని జారుకుంటూ కిందికి దిగింది. దూరపు కొండలు నునుపని ఊరికే అన్నారా అని అప్పటినుంచీ అందరికీ చెబుతూ వచ్చింది.

పక్క టేబుల్ టైపిస్టు ఆమెకు చిన్ననాటి స్నేహితురాలు. "డాక్టరు నడవమన్నాడే. ఒక్కదాన్నే వెళ్లలేను, తోడు రావే" అని వారం రోజులు ప్రాణం తీసింది. ఆదివారం పొద్దున్నే ఇద్దరూ బయలుదేరారు. మళ్లీ బెణుకుతుందేమోనని ఆమె భర్త కాలికి చుట్టుకునే పట్టీ చేతికిచ్చి, పేపరు చదువుకున్నాడు.

సగం ఎక్కాక దారి రెండుగా చీలింది. టైపిస్టు ఆఫీసు పటం తీసింది.

"ఎడమకే అనుంది. నువ్వు గీసిందేగా, ఇంక భయమేముంది?"

ఎడమ దారి తిన్నగా ముళ్లపొదల్లోకి పోయింది. చున్నీ విడిపించుకుంటుండగా ఆమెకు గుర్తొచ్చింది. కొండ పేరు రాయడానికి చోటు చాలక, దారిని తనే ఎడమకు జరిపింది.

"పటం తప్పేమోనే" అంది టైపిస్టు.

"పటం తప్పెందుకవుతుంది? దారే వానలకి కొట్టుకుపోయుంటుంది" అంది ఆమె, మొహం తిప్పుకుని.

వెనక్కి వచ్చి కుడి దారిన శిఖరం చేరారు. టైపిస్టు ఫొటోలు తీసుకుంటే, ఆమె దారి మలుపులు రాసుకుంది. సోమవారం గుట్టుగా పటం సరిచేసింది. అయినా అధికారి కంటపడింది; ఆదివారం కొండెక్కిన సంగతి టైపిస్టు చెప్పేసింది. సెలవునాడు కూడా కొండెక్కిన ఇలాంటి ఉద్యోగిని తానెక్కడా చూడలేదని అందరి ముందూ మెచ్చుకుని, జిల్లాలో మిగిలిన ఆరు కొండలూ ఆమెకే అప్పగించాడు.