చుక్కల మధ్య దూరం

అచ్చాఫీసులో ఆయన్ని అందరూ చుక్కల మాస్టారనే పిలిచేవారు. పాపం, ఆయన ఏ బళ్లోనూ పాఠం చెప్పి ఎరగడు. చిన్నపిల్లలు దిద్దుకునే పుస్తకాలు కంప్యూటర్లో తయారుచేయడం ఆయన పని. అందులోని ముత్యాల్లాంటి అక్షరాలు మాత్రం ఆయన భార్యవి. ఆవిడ నిజం పంతులమ్మ. ఆవిడ కాగితం మీద రాసిస్తే, ఆయన స్కాన్ చేసి, ఆ అక్షరాల వెంటే కంప్యూటర్లోని బ్రష్ నడిపి చుక్కలుగా మార్చేవాడు.

"బ్రష్షంటే ఏముందండీ, ముద్ర పక్కన ముద్ర! దగ్గరగా పడితే గీత, ఎడంగా పడితే చుక్కలు. కిటుకంతా స్పేసింగ్‌లో, అంటే ముద్రల మధ్య దూరంలోనే ఉంది," అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాడు. మొదటి పేజీకి స్పేసింగ్ నూట ఇరవై శాతం, తర్వాత నూట యాభై, ఆపైన రెండొందలు, మూడొందలు. చివరి పేజీలో ఒక్క చుక్కా ఉండదు. చుక్క తగ్గితేనే చెయ్యి నేర్చుకుంటుందనేది ఆయన వేదవాక్కు. ఏ పుస్తకంలోనూ ఆ మాట తప్పలేదు.

నిరుడు ఆవిడకు పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, నడకా వచ్చింది. కుడిచెయ్యి మాత్రం అక్షరాలు మరిచిపోయింది. సెలవులయ్యేలోగా బోర్డు మీద రాసి చూపిస్తే ఉద్యోగం ఉంటుందని, లేకపోతే వేరే టీచర్ని పెట్టుకోక తప్పదని బడి పెద్ద మేడం కబురుచేసింది. బడి లేకపోతే ఆవిడకు ఊపిరాడదని ఆయనకు తెలుసు.

ఇక చూడాలి ఆయన హడావిడి! ఆవిడ పాత అక్షరాలే వెతికి తీసి, ఆవిడకోసమే పేజీలు చేశాడు. నూట ఇరవై బాగానే దిద్దింది. రెండొందలకు పెంచిన రోజు పెన్ను ఎటో పోయింది. ఆవిడ బల్ల మీద తల వాల్చి భోరుమంది. ఆ ఏడుపు చూడలేక ఆయన మర్నాడే నూట పదికి దించేశాడు. పేజీ నంబరు మాత్రం పెంచుకుంటూ పోయాడు. ముప్పయ్యో పేజీ అట, చుక్కలేమో ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి! కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టుంది ఆ మనిషి జాలి.

చూపించాల్సిన రోజు వచ్చింది. తరగతి గదిలో పెద్ద మేడమూ, ఆయనా వెనక బెంచీ మీద కూర్చున్నారు. పంతులమ్మ సుద్దముక్క పట్టుకుని 'అ' రాయబోయింది. సుద్ద బోర్డుకి ఆనింది, ఆనినచోటే ఉండిపోయింది. చాలాసేపయ్యాక పెద్ద మేడం కళ్లద్దాలు తుడుచుకుంటూ లేచింది.

"పోన్లెండి టీచర్. ఇక కష్టపడకండి," అని బయటికి వెళ్లిపోయింది.

ఆయన గుండె చెరువైపోయింది. "తప్పంతా నాదే. చుక్కల దూరం పెంచినట్టు నటించాను. నిన్ను మోసం చేశాను," అన్నాడు.

ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది. "ఇరవయ్యేళ్లు పిల్లల చేత దిద్దించినదాన్ని. నాకా మాత్రం తెలీదా అండీ? మీరు దూరం తగ్గించిన మొదటి రోజే చూశాను."

"మరి చెప్పలేదేం?"

"నేను దిద్దుతుంటే మీ మొహం ఎంత వెలిగిపోయేదో! ఇంట్లో మీరొక్కరైనా సంతోషంగా ఉన్నారు కదా అని ఊరుకున్నాను."

ఆ మాట విన్నాక ఆయనకు ఏడుపు కూడా రాలేదు.